ముంచడం మరిచిన పిల్ల

చౌడమ్మ కూతురి పెళ్లిచీరకు కావలసిన పట్టు తానే అద్దుతానని తిప్పమ్మ ఒప్పుకున్నప్పుడు, ధర్మవరంలో ఆ మగ్గాల వీధి వీధంతా ఆమె మంచితనాన్ని మెచ్చుకుంది. రెండు నెలల కిందట తన బిడ్డ చెయ్యి కాలడానికి కారణమైన మనిషి ఇంటి పెళ్లికి ఇంత చేస్తోందంటే అది మనసు కాదు, వెన్నముద్ద అన్నారు. మెచ్చుకున్న వాళ్లెవరికీ తిప్పమ్మ సంగతి తెలియదు. ఒకటో తరగతిలో తన పలక పగలగొట్టిన పిల్ల పేరు ముప్పై ఆరేళ్లు వచ్చినా ఆమెకు గుర్తే. ఆ పిల్ల ఇప్పుడు నలుగురు బిడ్డల తల్లి. అయినా ఆ ఇంటి ముందు నుంచి పోవాల్సి వస్తే తిప్పమ్మ మొహం అటు తిప్పుకునే పోతుంది.

తిప్పమ్మ నలుపు. చామనచాయ అని సర్దిచెప్పుకునే నలుపు కాదు, నికార్సైన నలుపు. మొగుడు మార్కండేయ అంతకు ఒక పిసరు తక్కువ. ఇంట్లో ఉన్నది ఒకటే గుంత మగ్గం. అతను నేస్తాడు, ఆమె రాట్నం తిప్పి కండెలు చుడుతుంది. మార్కండేయ అన్న బాలప్ప వీధి చివర రంగులు అద్దుతాడు. వీధిలో సగం మగ్గాలకు పట్టు అక్కడే రంగు తేలాలి. బాలప్ప పెళ్లాం చౌడమ్మ పసిమి మనిషి. ఆ రంగేదో తాను ఎండలో నిలబడి కష్టపడి సంపాదించుకున్నట్టే మాట్లాడుతుంది. తిప్పమ్మ కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే ఆ తోడికోడలికి బొగ్గు అని పేరు పెట్టింది, ఆ పేరు పద్నాలుగేళ్లయినా మాసిపోలేదు.

తిప్పమ్మకు పిల్లలు పుట్టలేదు. చౌడమ్మ తన రెండో కొడుకు గిరిని దత్తు తీసుకోమని అడిగింది. ఇల్లూ మగ్గం బయటివాళ్లకు పోవు కదా అన్నది ఆమె లెక్క. తిప్పమ్మ మాత్రం ఆ లెక్కకు లొంగలేదు. కొత్తచెరువులో ఆశ్రమం కోసం వచ్చే విదేశీయులు అద్దెకుండే గదులు ఊడ్చే పనిలో తిప్పమ్మ అక్క నల్లమ్మ ఉండేది. అక్కడ ఒక తెల్లపిల్ల, ఇరవై ఏళ్లు నిండాయో లేదో, ఒంటరిగా బిడ్డను కని, ఆఫీసర్ల ముందు సంతకాలు పెట్టి బిడ్డను సర్కారుకు అప్పగించి తన దేశం వెళ్లిపోయింది. ఆ దేశం పేరు తిప్పమ్మకు నోరు తిరగదు. రెండేళ్లు అనంతపురం ఆఫీసుల మెట్లూ కోర్టు మెట్లూ ఎక్కి దిగి ఆ బిడ్డను తెచ్చుకున్నారు. మల్లీశ్వరి అని పేరు పెట్టారు.

ఆ రోజు వీధంతా చూడటానికి వచ్చింది. పిల్ల తెల్లగా, కళ్లు బూడిదరంగులో, జుట్టు మొక్కజొన్న పీచులా ఉంది. చౌడమ్మ గడపలోనే నిలబడి, "కడుపులో లేనిది కావిలించుకుంటే వస్తాదా? బొగ్గుల బస్తాలో సున్నపు రాయి పడినట్లుండాది" అంది. తిప్పమ్మ బిడ్డను భుజం మీద వేసుకుని లోపలికి పోయింది. కానీ ఆ మాట ఎక్కడ నిలబడి అన్నదో, ఆ పూట ఏ చీర కట్టుకుని అన్నదో కూడా దాచుకుంది.

మల్లికి నాలుగేళ్లు వచ్చేదాకా రంగు గొడవే లేదు. అమ్మ అంటే అమ్మ, నాయన అంటే నాయన. ఆ తర్వాతే దానికి చూపు మారింది. స్నానం చేయించేటప్పుడు తన చెయ్యి తల్లి చేతి పక్కన పెట్టుకుని చూసుకునేది. గోళ్లు ఒకటే, మడతలు ఒకటే, రంగు ఒకటే వేరు.

"మా, నాది ఎప్పుడు నీ మాదిరి అయితాది?" అని అడిగింది ఒక రోజు.

"పెద్దయితే అయితాదిలే" అంది తిప్పమ్మ, సబ్బు నురుగు కళ్లలో పడకుండా చూస్తూ. పిల్లకు ఏదో ఒకటి చెప్పాలి కదా అని చెప్పిన మాట అది. పిల్లలు అలాంటి మాటలు గాలికి వదలరు. అప్పటి నుంచి రోజూ పొద్దున లేవగానే చెయ్యి చూసుకునేది, నల్లబడిందా అని.

పగలు తల్లి రాట్నం దగ్గర ఉంటే మల్లి పెద్దమ్మ ఇంటికి పోయేది. అక్కడికి పోవడానికి కారణం పెద్దమ్మ కాదు, హేమావతి. చౌడమ్మ కూతురు హేమావతికి పంతొమ్మిదేళ్లు. తల్లి పసిమి అంతా వచ్చింది కానీ తల్లి నోరు రాలేదు. మల్లి జడ అల్లేది, చింతకాయలు కొట్టి ఉప్పు కారం అద్ది పెట్టేది. ఆ పెరట్లోనే బాలప్ప రంగు పొయ్యిలు ఉండేవి. ముడి పట్టు వచ్చినప్పుడు వెలిసిన తెలుపులో ఉంటుంది. దాన్ని సబ్బు నీళ్లలో ఉడికించి జిగురు తీసి, గంగాళంలో మరుగుతున్న రంగులో కర్రలకు వేసి తిప్పుతారు. తెల్లగా లోపలికి పోయిన పట్టు ఎర్రగానో పచ్చగానో బయటికి వస్తుంది. మల్లి అరుగు మీద కూర్చుని దాన్ని గంటల తరబడి చూసేది. దాని బుద్ధిలో లెక్క తేలిపోయింది. ప్రపంచంలో అన్నీ తెల్లగానే పుడతాయి. తర్వాత ముంచుతారు.

"పెద్దమ్మా, మా అమ్మను రెండు తూర్లు ముంచినారా?" అని అడిగింది ఒకనాడు.

అక్కడ పట్టు తీసుకుపోవడానికి వచ్చిన ఆడవాళ్లు ఐదారుగురు ఉన్నారు. చౌడమ్మకు అంత మంది దొరికితే నోరు ఊరుకోదు. "మీ అమ్మను మూడు తూర్లు ముంచినారు మే. నిన్ను ముంచేది మరిచిపోయినారు. నువ్వింకా ముడి పట్టు. అందుకే నువ్వామె బిడ్డ మాదిరి లేవు" అంది. ఆడవాళ్లు పగలబడి నవ్వారు. పిల్ల నవ్వలేదు. "ముంచితే ఆమె బిడ్డనయితానా?" అని అడిగింది. "ఆ, ముంచిన్నాడే అయితావు" అంది చౌడమ్మ.

ఇదొక వేడుకైపోయింది ఆమెకు. పిల్ల వచ్చినప్పుడల్లా ముంచాలా అని అడగడం, రేపు ముంచుతాలే అనడం, వచ్చిన వాళ్లను నవ్వించడం. హేమావతి ఒకసారి "ఏందిమా, పసిబిడ్డతో" అంటే, "గమ్మునుండు, తమాషాకు" అని కసిరింది. తిప్పమ్మ చెవిన ఇందులో ఒక్క ముక్కా పడలేదు. పడి ఉంటే కథ అక్కడే వేరే దారి పట్టేది.

జనవరి నెలలో ఒక మధ్యాహ్నం బాలప్ప మిరపపండు ఎరుపు గంగాళం పొయ్యి మీద నుంచి అప్పుడే దించాడు. ఆవిరి పోతోంది. హేమావతి బజారుకు పోయింది. మల్లి పోయి పెద్దమ్మ కొంగు పట్టుకుంది, ఈ రోజు ముంచమని. చౌడమ్మ ఎవరితోనో పెళ్లిసంబంధం మాట్లాడుతోంది. తల కూడా తిప్పకుండా, "యాడ, చెయ్యి పెట్టి చూడు పో, రంగు పడుతాదో లేదో" అంది.

పిల్ల పోయి కుడి చెయ్యి మోచేతి దాకా పెట్టింది. అన్నిటికన్నా తిప్పమ్మను నిద్రపోనివ్వని సంగతి ఒకటి తర్వాత, చూసి పరిగెత్తుకొచ్చిన బాలప్ప నోటి నుంచి బయటపడింది. పిల్ల చెయ్యి వెంటనే తియ్యలేదట. పెదవి కొరుక్కుని కాసేపు అలాగే ఉంచిందట. పట్టు కూడా కాసేపు ఉంటేనే కదా రంగు పట్టేది.

పదకొండు రోజులు ఆసుపత్రి వరండాలో తిప్పమ్మా మార్కండేయా కూర్చున్నారు. కట్టు మార్చినప్పుడల్లా పిల్ల అరుపుకు మార్కండేయ లేచి గేటు దాకా పోయి వచ్చేవాడు. ఎందుకు పెట్టావమ్మా చెయ్యి అని తిప్పమ్మ అడిగినప్పుడు మల్లి అంతా చెప్పింది, ముడి పట్టూ, మూడు తూర్లూ, ముంచిన్నాడే బిడ్డవయితావన్న మాటా. తిప్పమ్మ విని, మరొకసారి మొదటి నుంచి చెప్పించుకుంది.

చౌడమ్మ ఆసుపత్రికి ఒక్కసారి వచ్చింది, నాలుగు నారింజలు పట్టుకుని. తప్పైందని అంటుందేమోనని తిప్పమ్మ ఎదురుచూసింది. అని ఉంటే ఏమయ్యేదో ఆమెకే తెలియదు. కానీ చౌడమ్మ మంచం పక్క నిలబడి, "తమాషాకు అన్నాను మే. ఈ పిల్లకు ఆ మాత్రం బుద్ధి లేకపోతే నేనేం జేసేది? మన కడుపున పుట్టిండేదయితే అట్ల పెట్టునా" అంది. తిప్పమ్మ ఆ నాలుగు నారింజలూ పక్క మంచం వాళ్లకు ఇచ్చేసింది. అంతా అయిపోయిందనుకుని చౌడమ్మ ఇంటికి పోయింది.

కట్లు విప్పిన రోజు పిల్ల ఆత్రంగా చెయ్యి చూసుకుంది. ఎరుపు మొత్తం పాత తోలుతో పాటే పోయింది. కొత్త తోలు గులాబీ రంగులో, మునుపటి కన్నా తెల్లగా, నున్నగా మెరుస్తూ వచ్చింది. పదకొండు రోజుల నొప్పికి కూడా అట్లా ఏడవలేదు ఆ పిల్ల. "ఇంకా తెల్లగయిపోయింది మా" అని వెక్కి వెక్కి ఏడ్చింది. రంగుతో పనేముంది, నువ్వు నా బిడ్డవే అని తిప్పమ్మ వెయ్యి సార్లు చెప్పింది. మల్లి విన్నది కానీ నమ్మలేదు. పెద్దయితే అయితాదిలే అన్నది కూడా ఈ అమ్మే కదా.

ఆ రోజే తిప్పమ్మ లోపల ఒకటి గట్టిపడింది. దానికి పేరు పెట్టాలంటే పగ అనే పెట్టాలి. ముసుగు వేయడం దేనికి.

మార్చిలో హేమావతికి సంబంధం కుదిరింది. సోమందేపల్లెలో బట్టల కొట్టున్న శ్రీరంగప్ప కొడుకు. చూడటానికి వచ్చినప్పుడు పెళ్లికొడుకు తల్లి పిల్లను వాకిట్లో ఎండలో నిలబెట్టి చూసి, మాకు వేరే ఏమీ వద్దు, పిల్ల తెల్లగుంటే చాలు, మావాడు నలుపు అంది. చౌడమ్మ ఆ మాట వీధి వీధంతా వంద సార్లు చెప్పుకుంది.

ఆ ఇంటి ఆనవాయితీ ఏమంటే, పెళ్లికూతురు పీటల మీద కట్టుకునే చీర చిన్నాన్న మగ్గం మీదే దిగాలి. వాళ్ల తాతల నాటి నుంచి అంతే. వేరే చోట నేయించిన చీర కడితే అన్నదమ్ములు విడిపోయినట్టు లెక్క. ఇష్టం ఉన్నా లేకపోయినా చౌడమ్మ వచ్చి అడగాల్సిందే. వచ్చింది. తాంబూలం పళ్లెం అరుగు మీద పెట్టి, చెయ్యి కాలిన సంగతి ఎత్తకుండా, ఏ రంగు కావాలో చెప్పింది.

"నేరేడుపండు రంగు కావాల. ముదురుగా. నా కూతురి తెలుపు దాని మీద ఎత్తి కనపడాల. ఎరుపయితే అందరూ కట్టేదే కదా."

"అట్లే అక్కా" అంది తిప్పమ్మ. "పట్టు కూడా నేనే అద్దుతా. బావకు పెండ్లి పనులు శానా ఉంటాయి. మా నాయన రంగులోడే కదా, నా చేతికి అలవాటే."

చౌడమ్మకు ఒక నిమిషం అనుమానం వచ్చి ఉండాలి, కళ్లు చిన్నవి చేసి చూసింది. కానీ పొగరున్న చోట అనుమానం ఎంతో సేపు నిలవదు. తన కూతురి పెళ్లికి బొగ్గు చేత చాకిరీ చేయించుకోవడం ఆమెకు తీపిగానే తోచింది. సరేనని పోయింది.

సిల్కు మీద రంగు నిలబడాలంటే మరుగుతున్నప్పుడు కాస్త ఆసిడ్ పోయాలి. అప్పుడే అది దారం లోపలికి దిగి కూర్చుంటుంది. తర్వాత నీళ్లు తేటగా వచ్చేదాకా నాలుగైదు సార్లు జాడించాలి. తిప్పమ్మ పడుగుకు ఇవన్నీ శ్రద్ధగా చేసింది. మగ్గానికి పోసే పొడుగు దారం అది, వీధిలో పది కళ్లు దాన్ని చూస్తాయి. అడ్డంగా పోయే పేక సంగతి వేరు. దాన్ని కండెలు చుట్టేది తానే, చూసే వాళ్లుండరు. పేకకు రంగు రెండింతలు పోసింది. ఆసిడ్ చుక్క కూడా పోయలేదు. ఒక్కసారీ జాడించలేదు. నీడన ఆరవేసింది. ఆరిన తర్వాత అది నేరేడుపండు కన్నా నిగనిగలాడింది. తడి తగలనంత వరకు దాని అంత మంచి పట్టు ఇంకొకటి లేదు.

ఆ ఏడు మూడో ఏటి కరువు. బోర్లన్నీ గాలి కక్కుతున్నాయి. నీళ్ల ట్యాంకరు వారానికి ఒకసారి వస్తే పండగ. ఎవరైనా అడిగితే చెప్పడానికి మాట సిద్ధంగానే ఉంది.

అడిగింది మార్కండేయ ఒక్కడే. ఏప్రిల్ ఎండకు మగ్గం గుంతలో కూర్చుంటే ఒళ్లంతా చెమట కారిపోతుంది. సాయంత్రానికి వేళ్లు నేరేడు రంగులోకి తిరిగాయి. చేతులు చూపించి, "ఏంమే, రంగు ఇట్లంటుతాండాది?" అన్నాడు.

"జాడించేకి నీళ్లు యాడుండాయి? ట్యాంకరొచ్చి ఆరు దినాలాయ" అంది తిప్పమ్మ రాట్నం ఆపకుండా.

ఇరవై ఏళ్లుగా పట్టు నేస్తున్న మనిషి అతను. నీళ్ల కొరతకు దిగే రంగేదో, దిగాలని వేసిన రంగేదో తెలియనివాడు కాదు. పెళ్లాం మొహం కేసి చాలాసేపు చూశాడు. తర్వాత మూలన పడుకున్న మల్లి చెయ్యి చూశాడు. గుంతలోకి దిగి, పేక కండె ఉన్న నాడెను మళ్లీ విసిరాడు.

మల్లిని తిప్పమ్మ రంగు దారపు కాడికి రానిచ్చేది కాదు. గడప దగ్గరే కూర్చోబెట్టేది. పిల్ల అక్కడి నుంచే తల్లి వేళ్లు చూసేది.

"మా, నీ వేళ్లకు రంగు పట్టింది."

"ఊ."

"అది కాలదా?"

"కాలదు. ఇట్ల రావద్దు, ఇది హేమక్కకు" అంది తిప్పమ్మ. ఆమె మనసు అప్పుడు పెళ్లి మండపంలో ఉంది. పిల్ల మొహం చూడలేదు.

చీర మగ్గం మీద నుంచి దిగిన రోజు హేమావతి చూడటానికి వచ్చింది. జరీ అంచు మీద వేళ్లు పోనిచ్చి, "ఇంత చక్కంగా యాడా చూడలే చిన్నమ్మా. నువ్వు మా మీద కోపం పెట్టుకోలేదు, అదే నాకు చాలు" అని తిప్పమ్మ భుజం మీద తల వాల్చింది. ఆసుపత్రిలో తల్లికి తెలియకుండా నాలుగు రాత్రులు మల్లి పక్కన కూర్చున్న పిల్ల అది. తిప్పమ్మ ఇప్పుడైనా రంగు దిగుతుందమ్మా, వేరే చీర కట్టుకో అని చెప్పేయవచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. అంతలో మల్లి వచ్చి హేమావతి ఒళ్లో చేరి, కాలి తెల్లబడిన తన చెయ్యి కనపడకుండా గౌను మడతల్లో దాచుకుంది. అది ఈ మధ్య దానికి అలవాటైపోయింది. తిప్పమ్మ మాట మింగేసింది. చీర మడిచి పసుపు గుడ్డలో చుట్టి ఇచ్చింది.

మే నెలలో పెళ్లి, పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు ముహూర్తం. కల్యాణ మండపం కిక్కిరిసిపోయింది. సరిగ్గా తొమ్మిదిన్నరకు కరెంటు పోయింది, ఫ్యాన్లు నిలిచిపోయాయి. తిప్పమ్మ మూడో వరుసలో కూర్చుని విసనకర్రతో విసురుకుంటూ హేమావతి మెడ వైపే చూస్తోంది. చెమట పట్టిన చోటల్లా, చీరతో పాటే నేసిన జాకెట్టు అంచు కింద సన్నగా నీలపు చారలు దిగుతున్నాయి. చూసే కళ్లకు తప్ప ఇంకా ఎవరికీ తెలియలేదు. తిప్పమ్మ తొందరపడలేదు. అసలు నీళ్లు ఇంకా పడలేదు.

కన్యాదానంలో బాలప్ప కూతురి చెయ్యి అల్లుడి చేతిలో పెట్టాలి. ఆ చేతుల మీద నీళ్లు ధారగా పోయాల్సింది తల్లి. ఎవరి తల్లి అయినా అంతే, అది మార్చే వీలు లేదు. ఆ సంగతి తిప్పమ్మ చీర అద్దిన రోజే ఆలోచించుకుంది. చౌడమ్మ పట్టుచీర సవరించుకుని, వెండిచెంబు ఎత్తి, చుట్టూ అందరూ చూస్తున్నారో లేదో చూసుకుని మరీ ధార పోసింది. నీళ్లు చేతుల మీద నుంచి జారి పెళ్లికూతురి ఒడిలోకి, పల్లూలోకి పోయాయి. కింద పెట్టిన పళ్లెంలోకి దిగేసరికి నేరేడుపండు పిండినట్టు ఉన్నాయి. హేమావతి ముంజేతులు రెండూ నల్లగా తేలాయి. పెళ్లికొడుకు తెల్ల పంచె మీద ఆమె ఐదు వేళ్లూ అచ్చుపడ్డాయి. మొహం మీది చెమట తుడుచుకోబోయి ఆ పిల్ల చెంపకూ నుదుటికీ పూసుకుంది. తుడుచుకున్న కొద్దీ ఎక్కువైంది.

అయ్యవారు మంత్రం ఆపాడు. పెళ్లికొడుకు తల్లి పీటల దగ్గరికి లేచి వచ్చింది.

"ఏమమ్మా ఇది? రంగు చీరదా, పిల్లదా?"

"చీరదే వదినా, చీరదే" అంటూ చౌడమ్మ కొంగుతో కూతురి చెయ్యి రుద్దింది. ఆ కొంగూ పాడైంది.

"పిల్ల తెలుపు కూడా పైన పూసిందేమో, ఎవరికి తెలుసు" అంది ఆమె. అని ఊరుకోలేదు. చేతిరుమాలు చెంబులో ముంచి, నాలుగు వందల మంది ముందు హేమావతి చెంప రుద్ది, రుమాలు వెలుగులో పట్టి చూసింది. పౌడరు వచ్చింది, రంగు వచ్చింది. మళ్లీ ముంచి మళ్లీ రుద్దింది. చెంప ఎర్రగా కందేదాకా, కింద ఉన్నది కూడా తెలుపేనని నమ్మకం కుదిరేదాకా రుద్దింది. చౌడమ్మ ఆమె చెయ్యి పట్టుకుని బతిమాలుకుంటోంది. పొద్దున కట్టిన కొప్పు జారి, బొట్టు కరిగి, ఎవరి ముందూ తల వంచని మనిషి వియ్యపురాలి మోకాళ్ల దగ్గర కూలబడింది.

తిప్పమ్మకు కడుపు నిండింది. ఇందులో దాచేదేమీ లేదు. పద్నాలుగేళ్ల బొగ్గు, గడపలో అన్న సున్నపు రాయి, ఆసుపత్రిలో నాలుగు నారింజలు, అన్నీ ఆ పళ్లెంలోని నీళ్లలో కలిసిపోతున్నట్టు అనిపించింది. లేచి తీరుబడిగా పీటల దగ్గరికి నడిచింది. చౌడమ్మ తల ఎత్తింది. రంగుల వాడి పెళ్లాం, ఆసిడ్ పడని రంగు ఎట్లా దిగుతుందో ఆమెకు తెలియదా. కళ్లూ కళ్లూ కలిశాయి.

"నువ్వేనా" అంది చౌడమ్మ.

"తమాషాకు అక్కా" అంది తిప్పమ్మ.

అంతలో హేమావతి ఆమెను చూసింది. ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు. ఇంత మందిలో తన మనిషి కనపడిందన్న ఆశతో నల్లబడిన చెయ్యి చాచి, "చిన్నమ్మా, కొంచెం నీళ్లియ్యి చిన్నమ్మా" అంది. తిప్పమ్మ కదల్లేదు.  చౌడమ్మను కొట్టాలని విసిరిన దెబ్బ ఎవరి చెంపను కందించిందో అప్పుడే ఆమె కంటపడింది.

మల్లి ఎప్పుడు పెద్దవాళ్ల కాళ్ల మధ్య నుంచి దూరి వచ్చిందో ఎవరూ చూడలేదు. చూసేసరికి పెళ్లికూతురి ఒళ్లో ఉంది. తడిసిన పల్లూ రెండు చేతులా పిండుతోంది. ఒక చేతికి రాసుకుని, రెండో చేతికి రాసుకుని, మొహానికి, మెడకు, చెవుల వెనక్కి కూడా మరవకుండా పూసుకుంది. పెళ్లికొడుకు తరపు పిల్లలు కొందరు కిసుక్కుమన్నారు. ఒకామె అదిలించబోయింది. మల్లి లేచి, కాలిన చెయ్యి నలుగురికీ కనపడేలా పైకి పట్టుకుని, నాలుగు నెలల్లో మొదటిసారి దాన్ని దాచుకోకుండా, తల్లి దగ్గరికి పరిగెత్తింది.

"మా, పట్టింది చూడు. కాల్లేదు."

చెయ్యి తెచ్చి తిప్పమ్మ చెయ్యి పక్కన ఆనించింది. దాదాపు ఒకటే రంగు. పిల్ల మొహంలో అంత సంతోషం తిప్పమ్మ ఎన్నడూ చూడలేదు.

"ఇప్పుడు నేను నీ బిడ్డనే కదా?"

తిప్పమ్మ తల ఊపింది.

"ఈ రంగు నీ దగ్గరే ఉంటే హేమక్కకు ఏంటికి ఏసినావు?" అంది మల్లి. కోపం లేదు దాని గొంతులో, తెలుసుకోవాలనే అడిగింది. "నాకు ఏయాల కదా. నేను అడిగితిని కదా."

చుట్టూ ఉన్న వాళ్లు ఒక్కొక్కరుగా తిప్పమ్మ వైపు తిరిగారు. చౌడమ్మ ఏడుపు ఆపి చూస్తోంది. మార్కండేయ స్తంభం దగ్గర తల దించుకుని నిలబడ్డాడు. ఎవరు ఏమనుకుంటున్నారో తిప్పమ్మకు అప్పుడు పట్టలేదు. ఎవరో రెండు బకెట్ల నీళ్లు తెచ్చి పీటల పక్క పెట్టారు. హేమావతి చేతుల మీద చెంబుతో పోస్తున్నారు. నాలుగు చెంబులకే నలుపు జారిపోయి కింద నుంచి పసిమి తేలింది. పెళ్లికొడుకు తల్లి హమ్మయ్య అంది. అయ్యవారు మంత్రం అందుకున్నాడు.

మల్లి అది చూసింది. నీళ్లు పోయడం, రంగు పోవడం, కింద తెల్లగా రావడం. రెండు చేతులూ గబుక్కున వెనక్కి దాచుకుని తల్లి కాళ్లకు అతుక్కుంది.

"నాకు నీళ్లు పొయ్యొద్దు మా. ఎప్పుడూ పొయ్యొద్దు. నాది నిలబడుతాది కదా?"

తిప్పమ్మ బిడ్డను ఎత్తుకుంది. ఎండ పెటపెటలాడుతోంది, పిల్ల ఒళ్లంతా చెమట. మెడ మీద ఆనించుకున్న ఆ చిన్న చెయ్యి మోచేతి దగ్గర అప్పుడే కరిగి తెల్లగా గీత పడుతోంది. అది నిలబడకూడదనే తిప్పమ్మ ఆ రంగు అద్దింది.